పురుగమ్మగారు

మా గురువు మొకుడోగారు బౌద్ధ సన్యాసి. ఆయనకి ఓ పాడు అలవాటు ఉండేది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, చెప్పులేసుకుని బయల్దేరతారు. జపాన్ కొండల్లోని మా ఊళ్లో ఆయన దగ్గర హైకూ నేర్చుకున్న పన్నెండేళ్లూ నాకు ఇదే తిప్పలు.

ఒకనాడు పొద్దున్నే ఒషిగె వచ్చింది. ఆమె కూడా ఆయన శిష్యురాలే. మొగుడు పోయాక పట్టుపురుగులు పెంచి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. మా ఊళ్లో వాటిని పురుగులు అనకూడదు, “పురుగమ్మగారు” అనాలి. మాకు తిండి పెట్టేది ఆవిడే మరి! తీరా గూడు కట్టుకున్నాక, లోపల ప్రాణం ఉండగానే, పట్టుదారం తీయడానికి ఆ అమ్మగారినే కాగే నీళ్లలో వేస్తాం. ఒషిగె తను రాసుకునే కుంచె, ఒక కాగితం గురువుగారి ముందు పెట్టి బావురుమంది.

“హింస వద్దన్న బుద్ధుడికి రోజూ దణ్ణం పెడతాను. పోయిన నెల పురుగమ్మగారి మీద ఈ హైకూ రాశాను. ఇవాళ ఆవిడనే ఉడకబెట్టాలి. పెంపకం మానితే పిల్లలు పస్తు. అందుకని రాయడమే మానేస్తాను గురువుగారూ. ఈ దొంగ జాలి నాకొద్దు.”

కాగితం మీద ఇలా ఉంది:

తలెత్తి నిద్రలో
ఎవరికి మొక్కుతోందో
పురుగమ్మ

కుబుసం విడిచే ముందు పురుగమ్మ నిజంగా అలా తలెత్తే నిద్రపోతుంది. నాకు కళ్లు చెమర్చాయి. గురువుగారు మాత్రం కుంచె చేతబట్టుకుని చెప్పులేసుకున్నారు.

ఒషిగె ఇంట్లో కుండలో నీళ్లు సలసల కాగుతున్నాయి. ఆయన పొయ్యి ముందు చతికిలబడి, బుట్టలోంచి దోసెడు పట్టుగూళ్లు తీసి నీళ్లలో వేసేశారు. సన్యాసి అయ్యుండి! ఆమె పాపం తన నెత్తిన వేసుకున్నారా, అసలు పాపమే లేదంటున్నారా? అంతలో దారం కొస కోసం నీళ్లలో వేళ్లు పెట్టి “అబ్బా!” అని కేకేశారు.

“అయ్యయ్యో, అది మా పని కదండీ!” అంటూ ఒషిగె ఆయన చెయ్యి లాగి చన్నీళ్లలో ముంచింది. తర్వాత తనే కూర్చుని, కాగే నీళ్లలోంచి కొస పట్టుకుంది. ఆమె వేళ్లు తెల్లగా ఉబ్బి, చర్మం ఊడి ఉన్నాయి. గురువుగారు వాటినే చూస్తున్నారు.

“నీకు కాలదా అమ్మా?”

“కాలకేం? రోజూ ఉన్నదేగా. అది కూడా రాస్తారా ఎవరైనా?”

పెంపకం మానమన్నారో, కానివ్వమన్నారో, పాపమో కాదో, నాకిప్పటికీ తెలియదు. ఆయన కుంచె ఆమె పక్కన పెట్టి ఒక్క మాటే అన్నారు:

“కుండలో ఇద్దరున్నారు. పద్యంలో ఒకరే ఉన్నారు.”