ఎలుక ఆయువుకు సరిపడే డిగ్రీ

కొండవాగు మలుపు తిరిగేచోట జంతువుల కాలేజీ ఒకటి ఉండేది. గంట మోగాక అక్కడ ఎవరూ ఎవర్నీ తినకూడదు, అదొక్కటే కట్టుబాటు. జీవశాస్త్ర విభాగానికి హెడ్డు అప్పలస్వామి అనే ఎద్దు. నాగలి దించి నేరుగా వచ్చి మొక్కల పాఠం అందుకున్నాడు. మంచివాడే గానీ ఎవరేం అడిగినా కాదనలేడు. గంగిరెద్దుల వంశమేమోనని వెనకాల నవ్వుకునేవాళ్లు.

ఆ తలూపుడు వల్లే డిగ్రీ పెరిగి పెరిగి ఐదేళ్లయింది. కాకి గౌరి పక్షుల పాఠం తప్పనిసరి చెయ్యమంటే చేశాడు. తాబేలు నూకాలమ్మ నీటి జీవుల పాఠానికి ఇంకో ఏడాది కావాలంటే ఇచ్చాడు. నక్క సన్యాసిరావు వేటశాస్త్రం ఒకటో భాగం, రెండో భాగం అన్నాడు. గడ్డి తినేవాళ్లకి వేటెందుకయ్యా అని అడగడానికి అప్పలస్వామికి మొహమాటం అడ్డొచ్చింది.

కోర్సులు మార్చే మీటింగు రేపనగా, మొదటి ఏడాది పూర్తిచేసిన చిట్టెలుక పైడి వచ్చి అతని గిట్ట పక్కన నిలబడింది. వానాకాలం వస్తే తమ బొరియల్లో గింజలకి బూజు పడుతోందనీ, అవి తిని పసివాళ్లు పోతున్నారనీ చెప్పింది. ఏ బూజు విషమో తనకి తెలుసు. కానీ పట్టా లేని ఎలుక మాట వాళ్లలో ఎవరూ వినరు.

“ఇంకెంత తల్లీ, నాలుగేళ్లేగా,” అన్నాడు అప్పలస్వామి.

“మేం బతికేదే రెండేళ్లు మాస్టారూ,” అంది పైడి.

ఆమె వెళ్లాక అతను హాజరు పట్టీలు తిరగేశాడు. పాత పట్టీలో పైడి తల్లి పేరుంది, ఇంకా పాతదాంట్లో అమ్మమ్మ పేరుంది. రెండు పేర్లూ రెండో ఏడాది మధ్యలో ఆగిపోయాయి. శ్రద్ధ లేక మానేశారని అప్పట్లో విసుక్కున్నాడు కూడా. అది గుర్తొచ్చి సిగ్గుతో కుంగిపోయాడు.

మర్నాడు మీటింగులో డిగ్రీ తగ్గిద్దామని మెల్లగా మాట కదిపాడు. అందరూ ఒప్పుకున్నారు, కాకపోతే తగ్గాల్సింది పక్కవాళ్ల పాఠం. గౌరి నూకాలమ్మ పాఠం తీసేయమంది, నూకాలమ్మ గౌరి పాఠం తీసేయమంది. సన్యాసిరావయితే ఏదీ తీయొద్దు, వేటశాస్త్రం మూడో భాగం కలిపి ఆరేళ్లు చేద్దామన్నాడు. ఆరేళ్లెంత, కునుకు తీసి లేచేసరికి అయిపోతాయంది నూకాలమ్మ. ఆవిడకి అప్పటికే ఎనభై ఏళ్లు.

అడ్డు చెబితే ముగ్గురూ ఒకటైపోతారని అప్పలస్వామికి తెలుసు. అందుకని ఎప్పట్లాగే తలూపాడు.

“సరే, ఆరేళ్లే కానిద్దాం. ఇంత గొప్ప డిగ్రీ మనకే లేకపోతే బాగుండదు. చెప్పేవాళ్లూ చదివి పాసవ్వాలని, పాసయ్యేదాకా హెడ్డు కుర్చీ ఎక్కకూడదని రాద్దామా?”

సన్యాసిరావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ కుర్చీ మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. నాగలి లాగినవాడికి డిగ్రీ ఎక్కడిది?

“పాతవాళ్లూ కొత్తవాళ్లూ అని తేడా లేదని కూడా రాయండి,” అన్నాడు. “మినహాయింపు ఎవరికీ ఉండకూడదు, హెడ్డుకైనా సరే.”

అప్పలస్వామి పొల్లు పోకుండా రాశాడు. నలుగురూ కాలిముద్రలు వేశారు. అతను కుర్చీ దిగేసరికి సన్యాసిరావు అప్పుడే సగం ఎక్కేశాడు.

“నువ్వెక్కడికి నాయనా? ఆ ఆరేళ్ల డిగ్రీ పుట్టిందే ఇప్పుడు. మనలో అది ఎవరికుంది?” అని నాలుగు దరఖాస్తులు బల్లమీద పెట్టాడు అప్పలస్వామి.

సన్యాసిరావు కుర్చీ మీది కాళ్లు కిందికి దించాడు. నీటి జీవుల పరీక్ష మడుగు అడుగున. పక్షుల పరీక్ష చింతచెట్టు చిటారుకొమ్మన. అవి పోనీ అనుకున్నా, గోళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. ఇప్పుడు తనకి నాలుగేళ్లు, ఆ అడవిలో ఏడేళ్లు దాటిన నక్కని ఎవరూ చూడలేదు.

“పట్టా తీసుకోడానికి నేనుండను కదయ్యా,” అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

“పైడి కూడా నాతో ఆ మాటే అంది,” అంటూ హాజరు పట్టీలు ముందుకి జరిపాడు అప్పలస్వామి.

ముగ్గురూ ఆ పేర్లు చదివారు. నూకాలమ్మ తల డొప్పలోకి లాక్కుని చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి కళ్లు తడిసి ఉన్నాయి. తన క్లాసులో వెనక వరసలో కూర్చునేది ఇన్నాళ్లూ ఒకే ఎలుక అనుకుందట.

ఆ తర్వాత వాదన లేదు. వేటశాస్త్రం మూడు భాగాలూ సన్యాసిరావే కొట్టేశాడు. అప్పలస్వామి తన పాఠంలోంచి నలభై రకాల గడ్డి పేర్లు తీసేశాడు. అవంటే అతనికి ప్రాణం, బాధేసింది, అయినా తీసేశాడు. తిండేదో విషమేదో, నీరు ఎప్పుడు చెడుతుందో, జబ్బు ఎలా పాకుతుందో, ఇలా బతకడానికి ఎవరికైనా కావాల్సినవి ఒక్క ఏడాదిలో తేల్చారు. మిగతావి ఇష్టమున్నవాళ్లు, ఆయువున్నవాళ్లు చదువుకోవచ్చు. పైడిని పిలిచి అవన్నీ అడిగి చూశారు, అన్నిటికీ సరిగ్గా చెప్పేసరికి అక్కడికక్కడే పట్టా రాసిచ్చారు. అభినందనలకి కూడా ఆగకుండా దాన్ని నోట కరుచుకుని, తొలకరి పడేలోగా చేరాలని బొరియలకేసి పరిగెత్తింది.

మినహాయింపు లేదన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ఏడాదంతా కుర్చీ ఖాళీగానే ఉంది. సన్యాసిరావు రోజూ మెడలోతు నీళ్లలో నిలబడి నీరు ఎప్పుడు చెడుతుందో నూకాలమ్మకి అప్పజెప్పేవాడు. పక్కనే నిలబడ్డ అప్పలస్వామి, తప్పినచోట మెల్లగా అందించేవాడు.

చదువు ఎన్నేళ్లుండాలో తేల్చేముందు, చదివేవాళ్లకి ఎన్నేళ్లున్నాయో అడగాలి.