అడుగులేని గూడు, అభిమాని జెర్రిపోతు

శ్రావణ శుద్ధ దశమి, గురువారం, పొద్దున పదిన్నర. దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టు మీద కూర్చుని గిజిగాడు సన్యాసయ్య తన బ్లాగులో తొంభయ్యో టపా పెట్టాడు.

సన్యాసయ్యది గూళ్ళు అల్లి అమ్మే వ్యాపారం. చేతిపని అనకూడదేమో, ముక్కుపని. పిచ్చుకలూ ఉడతలూ బ్లాగు చదివి మరీ కొనేవి. ఫోనెక్కడిదంటారా? ఈ రోజుల్లో ఎవరి చేతిలో లేదు? చేతుల్లేని జెర్రిపోతు జోగయ్యకే ఉంది.

ఆ జోగయ్య ప్రతి టపా కిందా రాసేవాడు: "అద్భుతం బావగారూ! గుమ్మం ఎంత వెడల్పు?" "ఆహా! గుడ్లు ఏ పక్క పెడతారు?"

సన్యాసయ్య పొంగిపోయి కొలతలతో సహా జవాబిచ్చేవాడు.

ఆ పూట భార్య పైడమ్మ మూడు గుడ్లు పొదుగుతూ తల బయటపెట్టింది. "ఏమయ్యా, పాముకి గుమ్మం కొలతలు చెబుతున్నావా?"

"పామైతేనేం, పాఠకుడు కాదా? ఒక్క టపా వదల్లేదు. మీ అన్నయ్య ఒక్కటైనా చదివాడా?"

"మా అన్నయ్య గుడ్లు తినడుగా!"

"నీకన్నీ అనుమానాలే. ఇదిగో, ఏమడిగాడో విను. 'ఇవాళ మీరిద్దరూ ఇంట్లో లేని వేళేది?' ఎంత మర్యాద! మనకి ఇబ్బంది కాకూడదని."

"అతివినయం ధూర్తలక్షణమన్నారు. ఒక్కసారి ఈ గుడ్ల వంక చూసి, మళ్ళీ చదువు."

సన్యాసయ్య చూశాడు. చదివాడు. ముక్కులోని గడ్డిపోచ జారిపోయింది. "అమ్మో! ఇప్పుడెలాగే?"

గిజిగాళ్ళలో పెళ్ళిచూపులంటే సగం అల్లిన గూడు చూపించడమే. నచ్చితేనే పిల్ల ఒప్పుకుంటుంది, తక్కిన సగం అప్పుడు అల్లాలి.

"పెళ్ళిచూపులప్పుడు నాకు మొదట చూపించిన గూడు బావివైపు కొమ్మకి ఇంకా ఉందిగా?" అంది పైడమ్మ.

"నువ్వు వద్దన్నదేనా?" అన్నాడు సన్యాసయ్య, ఆ నొప్పి ఇంకా తగ్గనట్టు.

"అడుగు లేదు గనకే వద్దన్నా. నేను చెప్పినట్టు రాయి."

రాశాడు: 'రెండింటికి ఇద్దరం వ్రతం సామాన్లకి సంతకెళ్తాం. గుడ్లు బావివైపు గూట్లో ఉన్నాయి. కళ్ళు మూసుకుని దూరినా తగుల్తాయి.'

సరిగ్గా రెండింటికి జోగయ్య వచ్చాడు. కొలతలు కంఠతా వచ్చు గనక, కళ్ళు మూసుకుని సర్రున దూరాడు. అంతే సర్రున అడుగునుంచి బయటికొచ్చాడు.

బుడుంగ్!

"బావగారూ! గూటికి అడుగేదండీ?" బావిలోంచి కేక.

"టపాలో రాయలేదా అన్నయ్యా? మర్చిపోయుంటారు!" అంది పైడమ్మ కొమ్మ చాటునుంచి.

ఈదుకుంటూనే జోగయ్య బ్లాగుకి ఒక్క నక్షత్రం ఇచ్చాడు. 'పనితనం బాగుంది, అడుగు లేదు. కొనేవాళ్ళు జాగ్రత్త' అనీ రాశాడు. మెట్లెక్కి ఒడ్డున పడేసరికి పొద్దు వాలింది. ఒళ్ళంతా నాచుతో చేలకడ్డం పడి వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీవ్రతం. పైడమ్మ గడ్డిపోచతో తోరం కట్టుకుని, మూడు గుడ్లకీ అక్షింతలు వేసింది. సన్యాసయ్య గుమ్మం విప్పి కొత్త కొలతతో మళ్ళీ అల్లాడు. బ్లాగులో మాత్రం తాంబూలం బొమ్మ ఒక్కటే పెట్టి, గాలికి గూడు ఊగకుండా బరువుగా ఉంటుందని ఫోనును బంకమట్టితో గూటి గోడకి మెత్తేశాడు.

పనితనం ఊరంతా చూడాలి, గుమ్మం కొలత ఇంటివాళ్ళకే తెలియాలి.