పరుపుల తాత బోణీ

వన్నూరప్పకు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్క గంధం బొట్టే తక్కువ.

మూడు నెలలు ఇల్లు కదలకుండా కూర్చుని ఒక వెబ్‌సైటు తయారు చేశాడు. అంతకుముందు ఉరవకొండ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్లో పనిచేసేవాడు. ఆ కొట్టు మూతపడింది. భార్య రామాంజినమ్మకు ఐదో నెల. బియ్యం డబ్బాలో గ్లాసు అడుగుకు తగిలి గీరుకునే చప్పుడు పక్కగదిలోకి కూడా వినిపించే రోజులు. అలాంటప్పుడు సముద్రాలకవతల ఎక్కడో ఉన్న ఒక పందేల కంపెనీ ఫోన్లో కనిపించింది. నువ్వు ఆడొద్దు, మనుషుల్ని మా దగ్గరికి పంపు చాలు, నీ వాటా నీకిస్తాం అంది. పంపడానికి ఒక లింకు ఇచ్చింది. దాని చివర వన్నూరప్ప పేరుంది. ఈ పని చేసేవాణ్ణి అఫిలియేట్ అంటారట. ఆ మాట నోరు తిరగడానికి రామాంజినమ్మకు వారం పట్టింది.

సైటు నిండా రాతలు. ఏ మ్యాచికి ఏ జట్టు మీద కాయాలి, ఏ యాప్ నమ్మకమైనది, డబ్బు ఎంత తొందరగా చేతికొస్తుంది. "నేను స్వయంగా ఆడి చూశాను" అని ఎనిమిది చోట్ల రాశాడు. ఒక్కసారి కూడా ఆడలేదు. అబద్ధమైనా చదివించేలా రాశాడు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

ఇక తెరవడమే మిగిలింది. తెరిచేముందు హుసేన్ పీరా తాత దగ్గరికి పోవాలి. ఆ వీధిలో తాత గంధం పెట్టకుండా కొత్త తాళం కూడా తెరవరు.

తాత పరుపులు కుట్టే దూదేకుల ఆయన. వీధి చివర చిన్న దర్గాలో దీపం పెట్టేదీ ఆయనే. బేస్తవారం చక్కెర చదివించి పంచుతాడు, నెమలీకల కట్టతో జనం తలల మీద తట్టి పంపుతాడు. ఉపదేశాలు ఆయన వల్ల కావు. నాలుగు మాటలు వరసగా అంటే దగ్గు పొడుచుకొస్తుంది. యాభై ఏళ్ళ దూది దుమ్ము ఆ గుండెల్లో ఉంది మరి. వన్నూరప్పకు తొమ్మిదేళ్ళప్పుడు దడుపు జ్వరమొస్తే వాళ్ళమ్మ ఇక్కడికి తీసుకొచ్చింది. జ్వరం వదిలిపోయింది గానీ వాడు తాతను వదల్లేదు. అప్పటినుంచి పదిహేడేళ్ళుగా ప్రతి బేస్తవారం వచ్చి దర్గా ఊడ్చి, తాత పక్కన కూర్చుని పోతాడు. నీ గురువెవరని ఎవరైనా అడిగితే, పరుపులు కుడతాడు, రా చూపిస్తా అంటాడు.

తాత గంధం పెట్టే పద్ధతి వేరు. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళకు మొదటి గిరాకీ ఆయనే. ఊరికే తీసుకోడు, డబ్బిచ్చి కొంటాడు. ఆ బోణీ అందుకున్న మనిషి దాన్ని కళ్ళకద్దుకుని, తాత మొహం చూస్తూ ఒక మంచిమాట పైకి అనాలి. లోపల అనుకుంటే చెల్లదు. మాట చెవిన పడ్డాకే గంధం.

ఓబులేసు ఆటో కొన్నప్పుడు తాత ఎక్కి సంతపేట దాకా పోయొచ్చాడు. "సల్లగా పోయి సల్లగా రా తాతా" అన్నాడు ఓబులేసు, రోజూ పదిమందితో అనే మాటే. లింగమ్మ మిరపకాయ బజ్జీల బండి పెట్టింది. వైద్యుడు కారం ముట్టొద్దన్నా తాత రెండు తిన్నాడు. "అరగాల, మళ్ళా ఆకలి కావాల నీకు" అంది లింగమ్మ. అన్నింటికంటే ఎర్రిస్వామి ముచ్చటే ముచ్చట. వాడు శవాలను చేరవేసే వ్యాను కొన్నాడు. దీనికి బోణీ ఎట్లా అని వీధి వీధంతా నోళ్ళు నొక్కుకుంటుంటే, తాత చెప్పులు విడిచి, వెనకెక్కి, కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు. ఆసుపత్రి దాకా పడుకుని పోయి, కిరాయి ఇచ్చి దిగాడు. "ఈ బండితో నీకు మళ్ళా పని పడగూడదు తాతా" అని ఎర్రిస్వామి బావురుమన్నాడు. తాత భార్య ఫక్కీరమ్మవ్వ మాత్రం వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఇవన్నీ వన్నూరప్ప దగ్గరుండి చూసినవే. అయినా తనవంతు వచ్చేసరికి గుర్తుకురాలేదు. కంప్యూటరుకు బోణీ ఏముంటుంది, మూత మీద గంధం రాస్తే సరిపోతుంది అనుకున్నాడు.

బేస్తవారం మధ్యాహ్నం లాప్‌టాప్‌ను కొత్త తువ్వాల్లో చుట్టుకుని, దాని మీద బంతిపూల దండ వేసుకుని వచ్చాడు. తాత వసారాలో పరుపు కుడుతున్నాడు. ఎవరిదో పెళ్ళి పరుపు, ఎర్ర పూల గలేబు. మూలన దూదేకే విల్లు ఆనించి ఉంది. పొద్దున ఏకిన దూది తాత కనుబొమ్మల మీద ఇంకా ఉంది.

"ఏమప్పా, పెండ్లికొడుకును చంకలో పెట్టుకోనొచ్చినావు?" అన్నాడు తాత దండ వంక చూసి.

వన్నూరప్ప సిగ్గుపడుతూ తువ్వాలు విప్పాడు. సైటు చూపించాడు. ఆకుపచ్చ రంగు, బంగారు అక్షరాలు, కింద తళతళలాడే మీట. తాత కళ్ళద్దాలు తెచ్చుకుని చూశాడు. బంగారు అక్షరాలు బాగున్నాయన్నాడు.

"దీంట్లో నువ్వు అమ్మేదేంది నాయనా?"

"అమ్మేదేం లేదు తాతా. ఆడేవాళ్ళకు దోవ చూపిస్తా, అంతే. నేను పైసా ముట్టను. ఆడమని ఎవర్నీ బలవంతం చేయను. ఇష్టమున్నోళ్ళు పోతారు, లేనోళ్ళు మానుకుంటారు." ఈ మాటలు రామాంజినమ్మ దగ్గర చాలాసార్లు చెప్పి చెప్పి నున్నగా అయ్యాయి. "గంధం పెట్టు తాతా. సాయంత్రం మ్యాచి మొదలయ్యేలోగా తెరవాల."

తాత దబ్బనాన్ని పరుపులో గుచ్చి చేతులు దులుపుకున్నాడు.

"సరే. బోణీ చేద్దాం. నన్ను పంపు."

"యాడికి?"

"నువ్వు చూపించే దోవనే."

వన్నూరప్ప నవ్వాడు. తాత నవ్వలేదు. ఫోను లేదు కదా అన్నాడు వన్నూరప్ప. నీదుంది కదా అన్నాడు తాత. ఆడటం రాదు కదా అంటే, శవంగా పడుకోవడం మాత్రం అంతకుముందు వచ్చా నాకు అన్నాడు. ఇక తప్పక మీట నొక్కాడు వన్నూరప్ప. కంపెనీ వాళ్ళ కాగితం తెరమీద తెరుచుకుంది.

పేరు రాశాడు. షేక్ హుసేన్ పీరా. అంతకుముందెన్నడూ తాత పూర్తిపేరు తన చేత్తో రాసిన జ్ఞాపకం లేదు.

"పుట్టిన తేదీ అడుగుతాండాది తాతా."

"డొక్కల కరువు పోయినాక ఇంకో కరువొచ్చెనంట. దాని మరుసటేడు అని రాయి."

"పద్దెనిమిదేళ్ళు నిండినాయా అని అడుగుతాండాది."

"మీ అవ్వను అడుగు. ఇంకా నిండలేదంటాది." లోపలినుంచి ఫక్కీరమ్మవ్వ ఆ మాట నిజమేనంది. తాతకు నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది. చాలాసేపు దగ్గాడు. వన్నూరప్ప లేచి వీపు రాసి, మంచినీళ్ళు తాగించాడు.

దగ్గు ఆగాక తాత గోడ గూట్లోకి చెయ్యిపెట్టి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీశాడు. తీసుకొచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

ఆ డబ్బా వన్నూరప్పకు తెలుసు. రెండేళ్ళ కిందట గుంతకల్లులో దూదేకే మిషను చూసొచ్చి, దాన్ని కొనమని తాత ప్రాణం తీసింది అతనే. ఆ మిషనులో దుమ్మంతా సంచిలోకి పోతుంది, మనిషి ముక్కులోకి రాదు. ఇంకా విల్లు పట్టుకుంటే ఈ గుండె ఎన్నాళ్ళు మోస్తుంది తాతా అని ఇదే వసారాలో పోట్లాడాడు. ఆ డబ్బా కొని తెచ్చిందీ అతనే. అప్పట్లో దాని నిండా బిస్కెట్లుండేవి, ఇప్పుడు మిషను కోసం తాత కూడబెడుతున్న డబ్బుంది.

"ఇది మిషనుది కదా తాతా!"

"ఔ."

"ఇది వద్దు. ఊరికే ఒక నోటు పెట్టు, చాలు."

"లింగమ్మ దగ్గర బజ్జీ ముక్క కొరికి ఇడిసిపెట్టినానా? సగం దూరంలో ఆటో దిగినానా?" తాత డబ్బాను ఇంకాస్త అతని వైపు జరిపాడు. "మంచిదోవే అంటివి కదప్పా. నువ్వు ఆడి చూసినావంట కూడా. ఆడ రాసిపెట్టినావు."

వన్నూరప్ప చెవులు ఎర్రబడ్డాయి. తాతకు చదువు రాదని కాదు, తెలుగు బాగా చదువుతాడు. తాను రాసింది తాత చదువుతాడని మాత్రం అతను అనుకోలేదు.

"నీకొద్దు తాతా. ఇది వేరేవాళ్ళకు."

"యెవురికి?"

"ఎవరో... తెలీనోళ్ళకు."

తాత ఆ జవాబును పట్టుకుని పీకలేదు. వేరే సంగతి అడిగాడు. "బోణీ అంటే అమ్మినోనికి ఏదన్నా మిగలాల గదా. నన్ను పంపితే నీకేం మిగుల్తాది?"

"కంపెనీ వాటా ఇస్తాది."

"నేను గెలిస్తేనా?"

"గెలిస్తే ఇయ్యదు తాతా."

"మరి?"

వన్నూరప్ప తెర వంక చూశాడు. లెక్కలన్నీ అతనికి నోటికి వచ్చు. మూడు నెలలుగా వాటిని చూస్తూనే ఉన్నాడు.

"నువ్వు... పోగొట్టుకుంటే."

దూది ధర విన్నంత మామూలుగా తలూపాడు తాత.

"కానీలే. నీ ఇంట్లో బియ్యముండాల, బిడ్డ వస్తాంది. నీకు రావాల్సింది నీకు రావాల." గంధం గిన్నె దగ్గరికి లాక్కుని, బొటనవేలు అందులో ముంచాడు. డబ్బా తీసి వన్నూరప్ప రెండు చేతుల్లో పెట్టాడు. "కండ్లకద్దుకో. మాట చెప్పు."

వన్నూరప్ప డబ్బాను కళ్ళకద్దుకున్నాడు. రేకు చల్లగా తగిలింది. తలెత్తి తాత మొహం చూశాడు. కనుబొమ్మల మీద దూది, పళ్ళు లేని నోరు, ఆ నోటి చివర పదిహేడేళ్ళుగా చూస్తున్న నవ్వు.

"తాతా, నువ్వు సల్లగా..." అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. చేతిలో ఉన్న డబ్బాను చూశాడు. మళ్ళీ నోరు తెరిచాడు. తాత గంధం వేలు గాల్లో పట్టుకుని, ఏమాత్రం తొందర లేకుండా ఎదురుచూస్తున్నాడు. ఎర్రిస్వామికి కూడా దొరికిన మాట వన్నూరప్పకు దొరకలేదు. ఎంతో రాసినవాడు, ఎనిమిది చోట్ల అబద్ధం అవలీలగా రాసినవాడు, ఒక్క ముక్క అనలేక అలాగే కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వీధిలో లింగమ్మ బండి పొయ్యి రాజేస్తున్న వాసన వచ్చింది. తాత వేలిమీద గంధం అంచుల దగ్గర ఆరిపోయి తెల్లబడింది.

చాలాసేపటికి వన్నూరప్ప లేచాడు. డబ్బాను గూట్లో ఎక్కడిదక్కడ పెట్టాడు. పడిపోకుండా ముందు ఒక గుడ్డ మడిచి అడ్డం పెట్టాడు. వచ్చి కూర్చుని, తెరమీద తాత పేరును ఒక్కొక్క అక్షరమే చెరిపి, లాప్‌టాప్ మూసేశాడు. బంతిపూల దండ ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకున్నాడు.

"అవ్వకియ్యి" అన్నాడు తాత. "శవాల బండి ఎక్కినప్పట్నుంచి నేను తెచ్చిన పూలు పెట్టుకోదు."

ఫక్కీరమ్మవ్వ టీ గ్లాసులతో బయటికొచ్చి, దండ తీసుకుని, ఇద్దరి మొహాలూ చూసింది. వన్నూరప్ప గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేసి పోయింది.

తాత బొటనవేలి గంధాన్ని పంచెకు తుడుచుకున్నాడు. పరుపులోంచి దబ్బనం పీకి, దారం ఎక్కించి, ఎదుటి కొస వైపు గడ్డంతో చూపించాడు. వన్నూరప్ప ఆ కొస గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక అంచు పూర్తి చేశారు. పెళ్ళివారు సాయంత్రం వస్తారు.

"రామాంజినమ్మకు ఏమని చెప్పేది తాతా?" అన్నాడు వన్నూరప్ప చివరికి, తల వంచుకునే.

తాత దారాన్ని పంటితో తెంపబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి, వన్నూరప్ప వైపు చాపాడు. వన్నూరప్ప కొరికి ఇచ్చాడు.

"మాట దొరికే పనేదన్నా చూసుకోని రా నాయనా" అన్నాడు తాత. "బోణీ నాదే."