నవాబు కూర్చున్న చోటు

అంత పెద్ద నగరంలో కాస్త ఊపిరాడేది ఆ బొటానికల్ గార్డెన్‌లోనే. పొద్దున్నే నడిచేవాళ్లు నడుస్తారు. నవ్వుల క్లబ్బు వాళ్లు చేతులు పైకెత్తి, రాని నవ్వు తెచ్చుకుని మరీ నవ్వుతారు. వాళ్లలో ఒక పెద్దాయన పోసే పాలు తాగి, క్యాంటీన్ రేకుల మీద మధ్యాహ్నం దాకా పడుకునే పిల్లి ఒకటుంది. దాని దర్జా చూసి అందరూ నవాబు అంటారు.

పచ్చిక అంచున కంకరలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. మహా నోరున్న పిట్ట. కుక్క వచ్చినా అరుపే, ఎండుటాకు రాలినా అరుపే. ఊరికే గోల చేస్తే అవసరానికి ఎవరూ పలకరని ఉడుత చాలాసార్లు చెప్పింది. వింటేగా!

ఒకరోజు ఆ పాలు పోసే పెద్దాయన రాలేదు. నవాబు ఖాళీ కడుపుతో కంకర వైపు వచ్చింది. తీతువు గొంతు చించుకుని అరిచింది. దీనికిది మామూలేలే అని ఒక్కరూ తల తిప్పలేదు. రాళ్లలో కలిసిపోయిన గుడ్లు పిల్లికింకా కనబడలేదు కానీ, మరో అడుగు వేస్తే కాలికి తగులుతాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీతువు నోరు మూసుకుని ఆలోచించింది.

"ఏం కోడలా, గుడ్లెక్కడ దాచావు?" అంది నవాబు.

"నీ దగ్గర దాపరికమేముంది మామా," అంది తీతువు మెత్తగా. "ఇప్పుడు తింటే పెంకులే నోటికి తగులుతాయి. పిల్లలు లోపల్నించి పొడుస్తున్నాయి. ఆ నవ్వులు అయ్యేసరికి బయటికొస్తాయి."

లేత పిల్లల మాట వినగానే నవాబుకు నోరూరింది.

"అందాకా నిలబడటం దేనికి? పచ్చిక మధ్యలో ఆ నల్లటి మూత ఉంది చూడు. చల్లటి చోటు. నీలాంటి పెద్దవాళ్లు కూర్చోవాల్సింది అక్కడే."

నవాబు వెళ్లి తోక చుట్టుకుని మూత మీద కూర్చుంది. ఈ వేసవిలోనే పచ్చిక కింద నీళ్లు చిమ్మే గొట్టాలు వేసి వాటి నోళ్లకే ఈ మూతలు పెట్టారనీ, క్లబ్బు వాళ్ల నవ్వులు ముగియగానే తోటమాలి సింహాద్రి వాల్వు తిప్పుతాడనీ, రేకుల మీద నిద్రపోయే పిల్లికేం తెలుసు? నీళ్లు అందని కంకర చూసుకుని గుడ్లు పెట్టుకున్న తీతువుకు తెలుసు.

చివరి నవ్వు అయింది. మూత పైకి లేచింది. నీళ్లు బుస్సుమని చిమ్మాయి. నవాబు మనిషెత్తు ఎగిరి, ఇంకో మూత పక్కన పడి, అక్కడా తడిసి, సగానికి సగమైపోయి క్లబ్బు వాళ్ల కాళ్ల మధ్య నుంచి పరుగు తీసింది. ఏళ్ల తరబడి కష్టపడి నవ్విన ఆ పెద్దమనుషులు ఆవేళ పొట్టలు పట్టుకుని పడీపడీ నవ్వారు.

కొన్నాళ్లకు తీతువు తన నలుగురు పిల్లల్ని వెంటేసుకుని పచ్చిక మీద షికారు చేసింది. రేకుల మీంచి చూసి నవాబు మొహం తిప్పుకుంది. ఆ పిట్ట తలుచుకుంటే భూమిలోంచి నీళ్లొస్తాయని దానికిప్పటికీ నమ్మకమే.

ఆశ కొద్దీ కూర్చునేవాడు, ఎక్కడ కూర్చుంటున్నాడో చూసుకోడు.