చుక్కమ్మ సూడిదలు

పాలకొల్లు బస్టాండుకి ఎదురుగా రత్నమాణిక్యం గారి జాకెట్ల దుకాణం ఉంది. కత్తెరలకీ కొలత టేపులకీ పక్కన, బల్ల మీద చిన్న గాజు తొట్టె. అడుగున నల్లమట్టి, మట్టిలో పచ్చగా నీటి మొక్కలు, ఆ మొక్కల సందుల్లో ఒక ఊరంత సంసారం. ఊరన్నాక గొడవలుండవా?

ఆ ఊరికి హీరో తోకరాజు అనే గప్పీ చేప. ఒంటికంటే తోక పెద్దది, తోకకంటే గొప్పలు పెద్దవి. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా సరే, గాజు దగ్గరికి ఉరికి, తోక విప్పి గిర్రున తిరిగేవాడు. "ఆకలేస్తున్నట్టుంది పాపం!" అని వచ్చినావిడ డబ్బాలోంచి చిటికెడు మేత వేసేది. ఆవిడ వెళ్ళాక ఇంకొకావిడ, ఇంకో చిటికెడు.

అందులో తోకరాజు తినేది పిసరంత. మిగిలిందంతా అడుక్కి దిగేది. అక్కడ కాచుక్కూర్చునేవి నత్తలు. ఒకప్పుడు మొక్క వేరుకి అంటుకుని వచ్చింది గవరమ్మ ఒక్కతే. ఇప్పుడు ఆకు మీద నత్త, గాజు మీద నత్త, నత్త మీద నత్త. గవరమ్మది నత్తనడకే గానీ నోటిది గుర్రప్పరుగు.

"వన్స్ మోర్, తోకరాజు బాబూ! ఏం తిప్పావయ్యా తోక! ఒళ్ళు పులకరించిందనుకో! ఏమర్రా, చెప్పరేం?"

"వన్స్ మోర్! వన్స్ మోర్!" అని నత్తలన్నీ అరిచేవి. ఆ కేకలకి పొంగిపోయి తోకరాజు మళ్ళీ తిరిగేవాడు. మళ్ళీ మేత పడేది.

ఇలా ఉండగా ఒకరోజు చేపలమ్మే సూర్రావు వచ్చి తొట్టెలోకి తొంగిచూశాడు.

"నత్తలు పట్టేశాయండి. మొక్కలు దక్కవు. మందు పోస్తే పోతాయి గానీ, ఆ ఎర్ర రొయ్య కూడా పోద్దండి."

"అయ్యో, అది గుడ్లతో ఉందయ్యా!" అంది రత్నమాణిక్యం గారు. "ఎల్లుండి మధ్యాహ్నం దోసకాయ ముక్క వేసి చూస్తాను. ముక్కకి పట్టిన నత్తల్ని తీసి పారేద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఇక మందే."

ఆ ఎర్ర రొయ్యే చుక్కమ్మ. పొట్ట కింద గుడ్లు పొదువుకుని మొక్కల చాటున ఉన్న ఆమెకి ఈ మాటలు విని కాళ్ళన్నీ ఒక్కసారే వణికాయి. రొయ్య కాళ్ళు మరి, వణకడానికి చాలానే ఉన్నాయి.

గవరమ్మ పకపకా నవ్వింది. "విన్నారర్రా? దోసకాయ ముక్కట! దాని జోలికి వెళ్ళారో చూడండి! ఇక మందంటారా, మేం గుల్లల్లో దూరతాం. మా గుడ్లకి జిగురు పొర ఉంది. నీకేముంది పిన్నీ? మీసాలా? రొయ్యకి లేదా బారెడు మీసం!"

ఏడుస్తూ కూర్చుంటే పిల్లలు బతుకుతారా? చుక్కమ్మ నేరుగా తోకరాజు దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, రెండ్రోజులు ఆట కట్టెయ్. మేత పడకపోతే నత్తలకి ఆకలేస్తుంది. ఆకలేస్తే దోసకాయ ముక్క ఎక్కుతాయి."

"భలేదానివక్కా! వాళ్ళు నా అభిమానులు. రోజూ వన్స్ మోర్ అంటారు."

"అంటారులే. ఈసారి తిరిగేటప్పుడు వాళ్ళ కళ్ళు ఎటున్నాయో ఒక్కసారి చూడు."

అంతలోనే ఎవరో వచ్చారు. తోకరాజు తిరిగాడు. మేత పడింది. నత్తలు "వన్స్ మోర్!" అన్నాయి. తిరుగుతూ తిరుగుతూ కిందకి చూశాడు. అన్ని కళ్ళూ దిగుతున్న మేత మీదే ఉన్నాయి. తన వైపు ఒక్క కన్ను లేదు. పాపం, తోకరాజు తోక ముడిచాడు.

"ఒక్కళ్ళూ చూడ్డం లేదక్కా!"

"ఇన్నాళ్ళూ వాళ్ళ వంటవాడివయ్యావు నాయనా."

తోకరాజు ముక్కు ఎగబీల్చి మొక్కల వెనక్కి పోయి పడుకున్నాడు. వచ్చినవాళ్ళు చూసి, "నిద్రపోతున్నట్టుంది" అని మేత వెయ్యకుండానే వెళ్ళిపోయారు. ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే. నత్తలకి కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. గవరమ్మ ఎంత బతిమాలినా తోక కదల్లేదు.

అనుకున్న మధ్యాహ్నం వచ్చింది. రత్నమాణిక్యం గారు ఉడికించిన దోసకాయ చక్రానికి దారం కట్టి అడుక్కి దించి, దుకాణం మూసి భోజనానికి వెళ్ళింది. కమ్మటి వాసన నీళ్ళంతా పాకింది. నత్తలు ముందుకి జరిగాయి.

"ఆగండర్రా! అది ఎర!" అంది గవరమ్మ. నత్తలు ఆగాయి.

ఆకలి ఒక్కటే చాలదని చుక్కమ్మకి అర్థమైంది. గబగబా వెళ్ళి ముక్క నడిమధ్య ఎక్కి, మీసాలు సవరించుకుని, గొంతెత్తింది.

"తమ్ముడూ, రా! గుడ్లతో ఉన్నానని మా రత్నమాణిక్యమ్మ నాకు సూడిదలు పెట్టింది. ఇది నా పేరంటం! మర్యాదస్థులు మాత్రమే రావాలి. నత్తలకి పిలుపు లేదు."

గవరమ్మ కొమ్ములు నిటారుగా లేచాయి. "ఏమన్నావ్?"

"పిలుపు లేదన్నాను గవరమ్మా. పెద్దింటి పేరంటం. జిగురు కాళ్ళతో ఎలా వస్తారు?"

"తొట్టెలో సగం ఊరు మాది! మమ్మల్ని పిలవకుండా పేరంటమా?"

"నా పేరంటం, నా ఇష్టం. ముక్కంతా నేనే తింటాను. మీరు వాసన చూడండి."

తోకరాజు పొదలోంచి అందుకున్నాడు. "వాసన కూడా ఎందుకక్కా దండగ!"

అంతే. ఎర సంగతి, దారం సంగతి, అన్నీ మరిచిపోయింది గవరమ్మ. "పదండర్రా! దీని మీసాలొంచాలి! ముక్క మిగిలితే నా పేరు గవరమ్మ కాదు!"

ఆకు మీది నత్త దిగింది. గాజు మీది నత్త దిగింది. కొత్తగా పుట్టిన బుల్లి నత్తలు కూడా బయల్దేరాయి. అందరూ కలిసి చుక్కమ్మని ముక్క మీంచి తోసేశారు. "అన్యాయం! నా సూడిదలు!" అని శోకాలు పెడుతూ చుక్కమ్మ మొక్కల్లోకి పోయింది. అక్కడ తోకరాజూ తనూ నవ్వు ఆపుకోలేక ఆకులు పట్టుకుని ఊగారు.

నత్తలు మెక్కుతూనే ఉన్నాయి. తలుపు తెరుచుకుంది. దారం పైకి లేచింది. దోసకాయ చక్రం పైకి వచ్చేసరికి ముక్క కనబడలేదు, అంతా నత్తలే.

"ఒక్క దెబ్బకే! మందక్కర్లేదు!" అని రత్నమాణిక్యం గారు చప్పట్లు కొట్టింది. చుక్కమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది, ఈసారి నిజంగానే, సంతోషంతో. ఆ వారంలోనే తొట్టె నిండా ఆవగింజంత రొయ్యపిల్లలు, మేనమామ తోకరాజు వెనకే ఊరేగాయి.

నత్తల్ని చంపడానికి చేతులు రాక రత్నమాణిక్యం గారు పెరట్లో పాచిపట్టిన సిమెంటు తొట్టిలో వదిలింది. అక్కడ చిటికెడు మేత వేసేవాళ్ళు లేరు. పాచి గీక్కు తినాలి. తొట్టి అంచున కూర్చున్న కప్ప అడిగింది:

"ఎక్కణ్ణుంచి అత్తా ఇంతమంది?"

"పేరంటానికి వెళ్ళి ఇలా వచ్చాం."

"ఎవరు పిలిచారేం?"

"పిలిస్తే ఎందుకు వెళ్తాం!" అని గవరమ్మ గుల్లలోకి ముడుచుకుంది.

నీతి: ఆకలితో వెళ్ళినవాడికి ఎర కనిపిస్తుంది, పంతంతో వెళ్ళినవాడికి దారం కూడా కనిపించదు.