నాకింగ్ ఆగిన నాలుగు రోజులు

సాలూరు ఘాట్ మొదట్లో షెడ్డు నడిపే ఖాసిం మేస్త్రీకి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర పని చేస్తున్న పైడిరాజుకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాడు.

"మేస్త్రీ గారూ, రోగం కుదర్చలేనప్పుడు మూలుగైనా ఆపితే తప్పా?"

అలా అడగడానికి కారణం గవరయ్య. ఆ ముసలి డ్రైవరు తన పాత పెట్రోలు లారీని పొద్దున్నే తెచ్చి నిలబెట్టాడు. బరువుతో ఎత్తు ఎక్కితే చాలు, రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు ఇంజను గలగలమంటోంది. నాకింగ్. కార్బురేటర్ అడుగు వంగిపోయి పక్కనుంచి గాలి దూరుతోందనీ, పెట్రోలు చాలక లోపల వేడి పెరిగిపోతోందనీ మేస్త్రీ తేల్చాడు. వేరే కార్బురేటర్ తెప్పించడానికి పది రోజులు పడుతుంది, అందాకా బండి కదపొద్దన్నాడు.

గవరయ్యకు ఉన్నది ఆ బండి ఒక్కటే. కొండమీద రైతులు అల్లం తవ్వి, అతను కిందికి దింపుతాడని కుప్పలు పోసి ఉంచారు. "పది రోజులు ఆగితే కుళ్లిపోద్ది బాబూ. మరింక నన్నెవులు పిలుస్తారు?" అంటూ నేల మీద చతికిలబడ్డాడు. ఆ ముఖం పైడిరాజు చూడలేకపోయాడు.

మేస్త్రీ జవాబు చెప్పకుండానే నమాజుకు వెళ్లిపోయాడు. పైడిరాజు ఇంజనుకు నిప్పు అందించే డిస్ట్రిబ్యూటర్‌ను గోరంత వెనక్కి తిప్పాడు. నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడసాగింది, చప్పుడు మాయమైంది. గవరయ్య అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుని బండెక్కాడు.

తిరిగొచ్చిన మేస్త్రీ ఖాళీ జాగా చూసి, బండి ఆపమని కొండమీదికి కబురు మీద కబురు పంపాడు. దివ్యంగా నడుస్తోందని గవరయ్య తిరుగు కబురు చేశాడు.

నాలుగో రోజు బండి ఘాట్ నడిమధ్య ఆగిపోయింది. కబురు అందగానే మేస్త్రీ, పైడిరాజు బస్సెక్కి వెళ్లారు. మేస్త్రీ అక్కడే ఇంజను హెడ్డు విప్పి, "వేలు పెట్టు" అన్నాడు. పిస్టన్‌కు పడిన కంతలోంచి పైడిరాజు వేలు లోపలికి దిగిపోయింది. చప్పుడు ఆగినా ఆగని వేడికి కంత అంచులు మైనంలా కరిగి ఉన్నాయి. విరిగిన ముక్కలు సిలిండరంతా గీరేశాయి. ఆ బండికి ఇక మరమ్మతు లేదు. తుక్కు కింద తూచుకోవడమే.

గవరయ్య పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. లారీలో అల్లం బస్తాలు ఎండకు వడలిపోతున్నాయి. అతను తిట్టలేదు.

"నిన్నేటనను తమ్ముడా. సప్పుడు నేదు కదా, బాగుందనుకుని తొక్కేసినాను."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది పైడిరాజుకు. లారీ చాటుకు వెళ్లి, మేస్త్రీ ముందు బావురుమన్నాడు. "జాలిపడి చేశాను మేస్త్రీ గారూ. జాలితోనే చేశాను."

మేస్త్రీ చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

"ఆ జాలి ఆయన మీదేనా, పైడిరాజూ? నీ మీద కాదూ?" అన్నాడు.