ఖాళీ పీఠాల సమ్మతి

మల్లంకొండ రాజ్యంలో ఏ చట్టం చేయాలన్నా రాజసభ సభ్యులలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఏడు ఊళ్లు ఖాళీ చేయించి వేట అడవిలో కలిపేయాలని మంత్రి వీరదమనుడు ఒక చట్టం తెచ్చాడు. నలుగురు సరేనన్నారు, ఐదుగురు వద్దన్నారు.

బయట ముసురు పట్టి, సభలో పగలే చీకటి కమ్మింది. మంత్రి మూడు ఖాళీ పీఠాలవైపు తిరిగాడు. అవి ఆ ఏడాది చనిపోయిన సభ్యులవి.

"వారి ఆత్మలు ఇక్కడే ఉన్నాయి. అయ్యలారా, మీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

"సమ్మతం" అని బొంగురు గొంతులు మూడు ఆ పీఠాల దగ్గర్నుంచి వినిపించాయి. అందరికీ ఒళ్లు జలదరించింది.

"సరేనన్నవారు ఏడుగురు" అని మంత్రి రాయించబోయాడు.

సభలో చాపలు పరిచే సింగమ్మది ఆ ఏడు ఊళ్లలో ఒకటి. ముందుకొచ్చి రాజుకు దణ్ణం పెట్టింది.

"మారాజా, మొదటి పీఠం భద్రయ్యగారిది. మంత్రిగారింట విందు తిన్న పూటే పోయారు. ఎలా పోయారో ఎవరికీ తెలీదు. ఎలాగూ వచ్చారు కదా, ఆయన్నే అడగండి."

రాజు పీఠంవైపు వంగాడు. "భద్రయ్యా, నిన్ను చంపిందెవరు?"

ఆ పీఠాల వెనక తెర చాటున దాక్కుని, చనిపోయినవారి గొంతులతో పలికిన మంత్రి మనుషులకు ఏం చెప్పాలో తోచలేదు. మంత్రి ముఖాన చెమటలు పట్టాయి. వాళ్లలో ఎవరో ఒకరు నోరు జారతారేమోనని హడలిపోయాడు.

"ప్రభూ, చచ్చినవాళ్లు ఎక్కడైనా మాట్లాడతారా?" అన్నాడు.

"అయితే సరేనన్నది నలుగురే. చట్టం వీగిపోయింది" అన్నాడు రాజు. ఆ తర్వాత తలుపులు మూయించి, ఆ విందు వండినవాణ్ణి పిలుచుకురమ్మని భటులను పంపాడు.